నలభై దాటాక లాటిన్: పదాల పుస్తకం మీరే, తెలుగులోనే రాసుకోండి

మీరు అడిగినవి మూడు. కరీంనగర్‌లో మెడికల్ షాపు నడుపుతున్నారు, వయసు 41. డాక్టర్ల చీటీల మీది పొట్టి అక్షరాలు, మందు మొక్కల పేర్లు చూసి చూసి లాటిన్ మీద మనసు పడింది. ఈ వయసులో వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఎవరో తయారు చేసిన 1000 పదాల జాబితాను ఫోన్‌లోకి దించుకుని బట్టీ పట్టాలా, సొంతంగా పదాల పుస్తకం రాసుకోవాలా అన్నది రెండోది. ఉచ్చారణ చర్చి పద్ధతిలోనా, పాత రోమన్ల పద్ధతిలోనా అన్నది మూడోది.

నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పాను. మొక్కల పేర్ల కోసం మొదలుపెట్టిన లాటిన్ తర్వాత దానికోసమే చదివే చదువైంది. ఉద్యోగాలు చేసుకుంటూ నేర్చుకునే వాళ్లకు కొన్నాళ్లుగా సాయంత్రాలు చెప్తున్నాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నాను.

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. వస్తుంది. రోమన్ నాయకుడు కేటో ముసలితనంలో గ్రీకు నేర్చుకున్నాడని పాత రచయితలు రాశారు. అంత దూరం పోనక్కర్లేదు. మన దగ్గర పెరిగిన మనిషికి తెలుగు ఎలాగూ వస్తుంది, హిందీ ఉర్దూలు చెవిన పడతాయి, పనికి సరిపడా ఇంగ్లీషు వస్తుంది. ఇన్ని భాషల మధ్య తిరిగిన బుర్రకు ఇంకో భాష కొత్త భయం కాదు. పైగా లాటిన్‌లో మీరు ఎవరితోనూ గబగబా మాట్లాడాల్సిన పని లేదు. చదవాలి, అర్థం చేసుకోవాలి. దానికి కావలసింది ఓపిక, వరుస తప్పకుండా కూర్చోవడం. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా వదిలేసే వాళ్ల కంటే, షాపు మూసి వచ్చాక రోజూ అరగంట కూర్చునే వాళ్లే ముందుకు పోవడం చూశాను.

ఇక రెండో ప్రశ్న. నేను గట్టిగా చెప్పాలనుకున్నది దీని గురించే. పదాల పుస్తకం మీరే రాసుకోండి. అర్థాలు తెలుగులో రాసుకోండి. లాటిన్ నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు పోయే దారి మనకు చుట్టుదారి. ఆ దారిలో చాలా సరుకు జారిపోతుంది కూడా.

చుట్టరికాల మాటలు చూడండి. లాటిన్‌లో తండ్రి అన్నదమ్ముడు పత్రుఉస్, తల్లి అన్నదమ్ముడు అవుంకులుస్. తండ్రి అక్కచెల్లెలు అమిత, తల్లి అక్కచెల్లెలు మాతెర్తెర. ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే మొదటి ఇద్దరూ అంకుల్, తర్వాతి ఇద్దరూ ఆంటీ. ఏ వైపు వాళ్లో పక్కన వివరణ ఇస్తారు గానీ మనసులో నిలిచేది అంకుల్, ఆంటీ అన్న మాటలే. మనకు ఆ అవస్థ లేదు. పత్రుఉస్ అంటే పెదనాయిన, చిన్నాయిన. అవుంకులుస్ అంటే మేనమామ. అమిత మేనత్త. మాతెర్తెర పెద్దమ్మ లేదా చిన్నమ్మ. భర్త సోదరుడికి లేవిర్, భర్త అక్కచెల్లెలికి గ్లోస్ అని వేరే మాటలున్నాయి. మనం బావ లేదా మరిది, ఆడబిడ్డ అని రాసుకుంటే అయిపోతుంది. రోమన్ కుటుంబం గురించి చదివేటప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో మన ఇంటి మాటల్లో ఉంటే తడుముకోకుండా వాక్యం దాటిపోతాం.

ఇంటి సామాన్లకూ ఇదే వర్తిస్తుంది. ఒల్ల అంటే కుండ. పుతెఉస్ అంటే బావి, సితుల అంటే బొక్కెన. యుగుమ్ అంటే కాడి, అరాత్రుమ్ అంటే నాగలి. ఫొకుస్ అన్న మాట చూడగానే కెమెరా గుర్తొస్తుంది, కానీ రోమన్ ఇంట్లో ఫొకుస్ అంటే పొయ్యి. మీ అమ్మగారు ఏ మాట అంటే ఆ మాటే రాయండి. పుస్తకాల తెలుగు కోసం వెతకొద్దు.

అర్థమే కాదు, వాక్యం నడక కూడా మనదానికి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషులో ఆలోచించే విద్యార్థికి లాటిన్ క్రియ చివరికి పోవడం పెద్ద తలనొప్పి. మనకు అది మామూలు. వచ్చాను, వచ్చావు అన్నట్టు క్రియ చివరనే కర్త తెలిసిపోతుంది కాబట్టి నేను, నువ్వు వదిలేయొచ్చు. లాటిన్‌లోనూ అంతే. 'నాకు పుస్తకం ఉంది' అనడానికి మిహి ఎస్త్ లిబెర్ అంటారు, నాకు ఉంది పుస్తకం. నాకు నచ్చుతుంది అనడానికి మిహి ప్లకెత్. వస్తడా అని అడగాలంటే మనం చివర 'ఆ' చేర్చినట్టు వాళ్లు 'నె' చేరుస్తారు: వెనిత్‌నె. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఇది. ఇంగ్లీషు వ్యాకరణాల్లో పేజీల కొద్దీ వివరించే ఒక వాక్య నిర్మాణం ఉంది, అబ్లేటివ్ అబ్సొల్యూట్ అని. మనం 'పొద్దుగూకంగ వచ్చిండు' అంటామే, అచ్చం అదే: సోలె ఒక్కిదెన్తె వేనిత్. సోలె అంటే పొద్దు, ఒక్కిదెన్తె అంటే గూకంగ, వేనిత్ అంటే వచ్చిండు. మాట వెంట మాట అదే వరుసలో పడింది. దీన్ని ఇంగ్లీషులోకి తిప్పి మళ్లీ అర్థం చేసుకోవడం ఎందుకు?

కొన్నిచోట్ల మాత్రం తెలుగు మనల్ని ఆదుకోదు, అవి ముందే తెలుసుకోవాలి. నోస్ అన్న ఒక్క మాట మనం, మేము రెండిటికీ సరిపోతుంది. ఎదుటివాణ్ని కలుపుకున్నారో లేదో ప్రతిసారీ మీరే తేల్చుకోవాలి. 'అతను వచ్చాడని విన్నాను' లాంటి వాక్యాల్లో మన 'అని'కి సమానమైన మాటను రోమన్ రచయిత సిసెరో కాలం గద్యంలో వెతకొద్దు. కర్తను ద్వితీయలో పెట్టి క్రియ మూలరూపం తగిలిస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు లింగం. మనకు బల్ల, చెట్టు, చెయ్యి అన్నీ 'అది'. లాటిన్‌లో చెయ్యి స్త్రీలింగం, పుస్తకం పుంలింగం, శరీరం నపుంసకం. సంస్కృతం కాస్త చదివిన వాళ్లకు ఇది కొత్త కాదు. అమరకోశానికి అసలు పేరు నామలింగానుశాసనం, అంటే పేర్లూ వాటి లింగాలూ చెప్పేది. ఆ పద్ధతినే మన పుస్తకానికీ తీసుకోవాలి. లింగం లేకుండా ఏ నామవాచకాన్నీ పుస్తకంలోకి రానివ్వకండి.

రాయడం ఎలాగో ఇప్పుడు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఎడమ పేజీలో మాటలు, కుడి పేజీ ఖాళీగా వదలండి. అకారాది క్రమం పెట్టొద్దు, మీరు చదువుతూ ఎదురైన వరుసలోనే రాయండి. అలా రాస్తే ఏ మాట ఏ పాఠంలో వచ్చిందో చోటుతో సహా గుర్తుంటుంది. వెనక కొన్ని పేజీలు వదిలి అమరకోశంలో వర్గాలున్నట్టు చుట్టాలు, ఒళ్లు, పొలం, వంటిల్లు, చెట్లు అని విడదీసి, మాట, పేజీ నంబరు మాత్రం వేసుకోండి.

ఎదురైన ప్రతి మాటా రాయకండి. మొదటిసారి కనపడితే పుస్తకంలో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి దాటండి. రెండోసారి కనపడ్డప్పుడు రాయండి. రెండోసారి వచ్చిందంటే మూడోసారీ వస్తుంది. ఈ ఒక్క కట్టుబాటు పాటించని వాళ్ల పుస్తకాలు అరుదైన మాటలతో నిండిపోయి, తిరిగి తెరవబుద్ధి కాకుండా పోవడం చాలాసార్లు చూశాను.

ఒక్కో మాటకు ఏమేం రాయాలో ఉదాహరణ ఇస్తాను. బూడిదకు లాటిన్ మాట కినిస్. అది ఒక్కటే రాస్తే చాలదు. 'కినిస్, కినెరిస్, పుం., బూడిద' అని రాయాలి. రెండోది షష్ఠీ రూపం, బూడిద యొక్క. అది ఎందుకంటే మాట అసలు మొదలు దాంట్లోనే బయటపడుతుంది. మన రాష్ట్ర వృక్షం జమ్మి. దాని శాస్త్రీయ నామం ప్రోసోపిస్ సినరేరియా. ఆ రెండో మాట బూడిద నుంచే వచ్చింది, కానీ కినిస్ మాత్రమే తెలిసినవాడు పోల్చుకోలేడు, కినెరిస్ తెలిసినవాడు వెంటనే పట్టేస్తాడు. అలాగే రాజు: రేక్స్, రేగిస్, పుం. శరీరం: కొర్పుస్, కొర్పొరిస్, న.

క్రియకు నాలుగు రూపాలు రాయాలి, పక్కన అది ఏ విభక్తిని కోరుతుందో రాయాలి. 'క్రేదో, క్రేదెరె, క్రేదిదీ, క్రేదితుమ్: నమ్ము. ఎవరిని నమ్మామో వారికి కి/కు. తిబి క్రేదో, నిన్ను నమ్ముతున్నాను.' మనం నిన్ను అంటాం, వాళ్లు నీకు అంటారు. ఈ తేడా పుస్తకంలో ఎర్ర ఇంకుతో ఉండాలి. విభక్తుల పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. తెలుగు వ్యాకరణంలో కి, కు లను షష్ఠి కింద చదువుకున్నాం. లాటిన్‌లో వాటి పని చేసేది డేటివ్, సంస్కృతం లెక్కన చతుర్థి. పేర్లతో పెట్టుకుంటే గందరగోళం తప్పదు. నేరుగా ప్రత్యయమే రాసుకోండి: ని/ను, కి/కు, యొక్క. ఇక అబ్లేటివ్ అన్నది ఒక్కటే మన మూడు పనులు చేస్తుంది. గ్లదియో అంటే కత్తితో, రోమా అంటే రోమ్ నుంచి, ఎఓ తెంపొరె అంటే ఆ కాలంలో. 'తో/నుంచి/లో' అని మూడూ రాసుకుని, వాక్యాన్ని బట్టి ఒకటి ఎంచుకోవాలి.

మాటలు తెలుగు లిపిలో రాసుకోమంటున్నందుకు ఇంకో బలమైన కారణం ఉంది. లాటిన్‌లో అచ్చు పొడవును బట్టి అర్థం మారిపోతుంది, కానీ మామూలు అచ్చు పుస్తకాల్లో ఆ పొడవు చూపించరు. నిఘంటువుల్లో, పాఠ్యపుస్తకాల్లో మాత్రం అక్షరం మీద అడ్డగీత పెడతారు. మనకు అ ఆ, ఇ ఈ లతోపాటు ఎ ఏ, ఒ ఓ ల తేడా కూడా లిపిలోనే ఉంది. దేవనాగరిలో హిందీ రాసేవాళ్లకు ఈ చివరి రెండు జతలు లేవు. కాబట్టి లిబెర్ పుస్తకం, లీబెర్ స్వతంత్రుడు. మలుమ్ చెడు, మాలుమ్ ఆపిల్ పండు. వెనిత్ వస్తాడు, వేనిత్ వచ్చాడు. పొపులుస్ జనం, పోపులుస్ ఒక చెట్టు. మీ వృత్తికి పనికొచ్చేది ఒకటి: ఒస్ అంటే ఎముక, ఓస్ అంటే నోరు. పుఎల్ల అంటే అమ్మాయి, కర్త. పుఎల్లా అని చివర సాగితే అబ్లేటివ్. వత్తులూ అంతే, మన లిపి ద్విత్వాన్ని దాచదు. ఇంగ్లీషు నోటితో ట, డ అనకుండా త, ద అని రాయండి, లాటిన్ త, ద లు మన వాటిలాగే పళ్ల దగ్గర పలికేవి. పక్కనే రోమన్ లిపిలో అడ్డగీతలతో కూడా రాసుకోవాలి సుమా, చదవబోయేది ఆ లిపిలోనే కదా.

సంస్కృతం వాసన తెలిసినవాళ్లకు సగం మాటలు తెలిసినట్టే అనిపిస్తాయి. మాతెర్, పతెర్, ఇగ్నిస్, నోమెన్, సెప్తెమ్, నొవెమ్, దెకెమ్: మాతృ, పితృ, అగ్ని, నామ, సప్త, నవ, దశ. పైన చెప్పిన యుగుమ్ మన యుగం, ఆ మాటకు సంస్కృతంలో కాడి అన్న అర్థం ఉంది. ఇవి కుడి పేజీలో రాసుకుంటే మరచిపోరు. అయితే పోలికను మేకులా వాడుకోండి, అర్థంగా తీసుకోవద్దు. విర్ అన్నది వీర శబ్దానికి చుట్టమే, కానీ లాటిన్‌లో దాని మామూలు అర్థం మగవాడు. హోర మన జ్యోతిషంలోనూ ఉంది, లాటిన్‌లోనూ ఉంది. అది మాత్రం తోబుట్టువు కాదు, ఇద్దరూ గ్రీకుల దగ్గర తెచ్చుకున్నదే.

మీకు తొలి పాఠం మీ షాపు బల్ల మీదే ఉంది. బీడీ: బిస్ దిఏ, రోజులో రెండుసార్లు. హెచ్‌ఎస్: హోరా సొమ్నీ, నిద్ర వేళలో. హోరా అని సాగింది కాబట్టి 'లో', సొమ్నీ షష్ఠి. ఏసీ, పీసీ: అన్తె కిబుమ్, పొస్త్ కిబుమ్, తిండికి ముందు, తిండి తర్వాత. ఆ రెండు మాటల తర్వాత నామం ద్వితీయలో ఉంటుందని ఇక్కడే నేర్చేసుకోవచ్చు. రోజుకు మూడుసార్లు అని చెప్పే టీడీఎస్‌లో చివరి మాట సూమెన్దుమ్, 'తీసుకోవలసినది'. మన 'వలసిన' ఎంత చక్కగా అతికిందో చూడండి. ఎస్‌ఓఎస్ అని డాక్టర్లు రాసేది సీ ఒపుస్ సిత్, అవసరమైతే. అందులో సిత్ అన్నది ఎస్త్ లాంటిదే, కానీ 'ఉంది' కాదు, 'ఉంటే' వైపు మొగ్గే రూపం. పాఠ్యపుస్తకంలో చాలా ఆలస్యంగా వచ్చే సంగతి ఇది, మీరు రోజూ చూస్తున్నారు.

రెండో గని మొక్కలు. బతుకమ్మ పేర్చేటప్పుడు చేతిలోకి తీసుకునే గునుగు సెలోసియా అర్జెంటియా. అర్గెన్తుమ్ అంటే వెండి, ఆ పువ్వు మెరుపు చూస్తే పేరు ఎందుకో తెలుస్తుంది. తంగేడు సెన్నా ఆరిక్యులేటా. ఔరిస్ అంటే చెవి, ఔరికుల చిట్టి చెవి. ఆకు కాడ మొదట్లో చెవి తమ్మెల్లా కనపడే రెక్కలుంటాయి, ఈసారి తంగేడు కొమ్మ తుంచినప్పుడు తిప్పి చూడండి. తాటిచెట్టు బొరాసస్ ఫ్లాబెల్లిఫెర్, విసనకర్రలు మోసేది. మన అడవుల్లోని సోమిద చెట్టుకు తెలుగు పేరే లాటిన్‌లోకి ఎక్కింది: సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఫెబ్రిస్ జ్వరం, రెండో భాగం తరిమేది. రావి ఫైకస్ రెలిజియోసా అని క్లాసులో చెప్తాం, రోమన్ పలుకులో ఫీకుస్ రెలిగియోస. ముందు మాట 'ఉస్'తో ముగిస్తే వెనక మాట 'అ'తో ఎందుకు ముగిసింది? లాటిన్‌లో చెట్ల పేర్లు ఎక్కువగా స్త్రీలింగాలు. లింగం రాసుకోమన్నది ఇందుకే. పత్తి గోసిపియమ్ హిర్సూటమ్, అక్కడ రెండూ నపుంసకం. కొత్త మొక్కకు పేరు పెడితే వివరణ లాటిన్‌లోనే రాయాలన్న నియమం 2011 చివరి దాకా ఉండేది. 2012 నుంచి ఇంగ్లీషు కూడా చెల్లుతోంది.

ఇవి మాటలు. భాష మాత్రం వాక్యాలు చదివితేనే వస్తుంది. మొదటి పుస్తకంగా డెన్మార్క్ పండితుడు హాన్స్ ఓర్బెర్గ్ రాసిన 'లింగ్వ లతీన పెర్ సే ఇల్లూస్త్రాత' మొదటి భాగం తీసుకోండి. 35 అధ్యాయాలూ లాటిన్‌లోనే ఉంటాయి, సందర్భాన్ని బట్టి అర్థం తెలిసేలా కట్టారు. ఇంగ్లీషు మధ్యలో రాదు కాబట్టి తెలుగు అర్థాలు రాసుకునేవాళ్లకు ఇంతకంటే అనువైనది నాకు కనపడలేదు. రోజూ కొత్త పేజీకి ముందు నిన్నటి పేజీ పైకి చదవండి. రూపాల పట్టికలు, సంస్కృతం నేర్చుకునేవాళ్లు శబ్దమంజరి వల్లించినట్టు, నోటితో వల్లించండి. చేత్తో రాసినా, కళ్లతో చూసినా అంత గట్టిగా నిలవవు.

1000 పదాల జాబితాను పారేయమనను. అమెరికాలోని డికిన్సన్ కాలేజీవాళ్లు అలాంటిది తయారు చేసి ఉచితంగా పెట్టారు, మామూలు పాఠంలో దాదాపు 70 శాతం మాటలు అందులోవే ఉంటాయి. మీ పుస్తకం సగం నిండాక దాన్ని తెరిచి, మీకు తెలిసినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోండి. మిగిలినవి ఏవో తెలుస్తాయి, వాటికోసం కన్ను వేసి ఉంచండి. మాటలను కార్డులుగా మళ్లీ మళ్లీ చూపించే అంకీ లాంటి యాప్ వాడాలనుకుంటే మంచిదే, కానీ అందులోకి ఎక్కించేది మీ నోట్‌బుక్‌లోని వాక్యాలే కావాలి. వాక్యంలో ఒక మాట ఖాళీ వదిలి కార్డు చేయండి. ఇతరుల కార్డుల కట్ట దించుకుంటే మీరు చదవని మాటలు మీకు ఎదురవుతూ ఉంటాయి, అవి నిలవవు.

ఆ తర్వాత? ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే పక్కన జెరోమ్ అనువదించిన లాటిన్ బైబిలు పెట్టుకుని యోహాను సువార్త చదవండి, చిన్న వాక్యాలు, మళ్లీ మళ్లీ వచ్చే మాటలు. ఓరుగల్లు వాళ్లం కాబట్టి ఇంకొకటి చెప్తాను. కాకతీయుల నాటి మోటుపల్లి రేవును మార్కో పోలో ముత్ఫిలి అన్నాడు. అక్కడ రాజ్యం ఏలే రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు అంటారు. మార్కో పోలో యాత్రల పుస్తకాన్ని 14వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సెస్కో పిపీనో అనే సన్యాసి లాటిన్‌లోకి తెచ్చాడు. సిసెరో కంటే ఎంతో తేలిక. నా దగ్గర చదివేవాళ్లకు ఆ భాగం చేరడమే గురిగా పెడతాను.

మూడో ప్రశ్నకు జవాబు చిన్నదే. రోమన్ పద్ధతిలో క ఎప్పుడూ క, గ ఎప్పుడూ గ. ఆకాశం కైలుమ్. చర్చి పద్ధతిలో ఎ, ఇ ల ముందు క కాస్తా చ అవుతుంది, గ జ అవుతుంది, ఐ ఏ అవుతుంది: చేలుమ్. రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిసింది. అంతకు ముందు పూజ లాటిన్‌లోనే సాగేది, కాబట్టి ఆ కాలం చూసిన పెద్ద వయసు కేథలిక్కులు కాజీపేట ఫాతిమానగర్ వైపు ఇప్పటికీ చర్చి పలుకులోనే జపాలు అప్పగించగలరు. మీకు చర్చి పాటలు, ప్రార్థనలు ముఖ్యమైతే అదే నేర్చుకోండి. అలా కాకపోతే రోమన్ పద్ధతి పట్టండి. అందులో ఒక అక్షరానికి దాదాపు ఒకే పలుకు, తెలుగు లిపిలో రాసింది రాసినట్టు చదివేయొచ్చు. నోట్‌బుక్ మొదటి పేజీ మీద ఏ పద్ధతో రాసి పెట్టుకోండి, మధ్యలో మార్చకండి.